చార్ జీరో

శుక్రవారం పొద్దున తొమ్మిదీ నలభైకి మా బర్రె దుడ్డె నా కోడలి హెడ్‌ఫోన్స్ తీగ నమిలింది. నమిలి వదిలేస్తే నష్టం అంతటితో తేలిపోయేది. నీహారిక కేక వేసేసరికి అది బెదిరి, తీగ నోట్లో ఉండగానే వెనక్కి గుంజింది. కంప్యూటర్ వెనక గుచ్చిన పిన్ను సగానికి విరిగింది. సగం తీగతో పాటు వరండాలోకి వచ్చింది, సగం రంధ్రంలోనే ఉండిపోయింది.

దుడ్డెకు ఆరు నెలలు. దాని తప్పేమీ లేదు. మాది కార్వాన్‌లో పాల వ్యాపారం. రోడ్డు వైపు దాణా దుకాణం, వెనక పదకొండు బర్రెల కొట్టం, రెండింటి మధ్య ఇల్లు. ముందురోజు నుంచి వాన. చాయ్ తెచ్చుకోవడానికి లేస్తూ నీహారిక హెడ్‌ఫోన్స్ తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. కిటికీ అవతల వరండాలో దుడ్డె ఉంది. అది అక్కడికెట్లా వచ్చిందని నా భార్య యశోద అడిగితే పలుపు తెంచుకుందేమో అన్నాను. తెంచుకోలేదు. కొట్టం కురుస్తున్నదని పొద్దున్నే నేనే తెచ్చి ఆ కిటికీ కింద కట్టాను. ఇప్పుడు నిజం చెబితే ఏమొస్తుంది, ముందు పని చూడాలి అనుకున్నాను. చెప్పకుండా ఉండటానికి నాకు ఎప్పుడూ ఇలాంటి కారణమే దొరుకుతుంది.

నీహారికకు ఆ రోజు పరీక్ష. డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి రికార్డు చేసి పంపిస్తారు, అది విని ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. ఎనిమిది నెలలు రెండు బస్సులు మారి వెళ్లి నేర్చుకున్నది. ఇంట్లో కూర్చుని చేసే పని ఇస్తామని ఒక కంపెనీ ఒప్పుకున్నది గానీ, ముందు ఒక ఫైలు చేసి చూపించమన్నది. తొమ్మిదింటికి ఫైలు వస్తుంది, సాయంత్రం నాలుగులోపు తిరిగి వెళ్లాలి. వెళ్లకపోతే మళ్లీ ఆరు నెలల దాకా పేరు కూడా చూడరు.

ఆమె తండ్రి పరబ్రహ్మంగారు రాజమండ్రి వైపు నుంచి ఆడిట్ ఆఫీసు ఉద్యోగం మీద వచ్చిన మనిషి. బర్రెల మధ్య ఈ పని సాగదమ్మా, పగలు మా ఇంటికొచ్చి చేసుకో అని అంతకుముందు వారమే చెప్పాడు. నీహారిక వద్దంది. ఇక్కడే చేసి చూపిస్తానంది. నా ముందే అంది. ఆ మాటకు నేను లోపల ఎంత పొంగిపోయానో ఎవరికీ చెప్పలేదు.

ఫైలు పద్నాలుగు నిమిషాలు. దుడ్డె వచ్చేసరికి ఆమె ఒకసారి మొత్తం విని, మొదటి మూడు నిమిషాలు టైపు చేసింది.

విరిగిన ముక్కను తీయాలని పట్టకారు పెట్టి చూశాం, ఇంకా లోపలికి పోయింది. కంప్యూటర్ ముందు వైపు ఇంకో రంధ్రం ఉంది కదా అన్నాను. అది ఉత్త అలంకారం మామయ్యగారూ, లోపల తీగే పెట్టలేదు అంది. ఆ కంప్యూటర్‌ను బేరమాడి విడి భాగాలతో కట్టించింది నేను. ఏం వద్దంటే తగ్గుతుందో అవన్నీ వద్దన్నాను. నెట్ సెంటర్‌లో కూర్చుంటే కాదా అని అడిగాను. రోగుల వివరాలు బయటికి పోకూడదని కంపెనీ వాళ్లు ఈ ఒక్క కంప్యూటర్‌లోనే ఆ ఫైలు తెరుచుకునేట్టు పెట్టారట. రిపేరు మనిషికి ఫోను చేస్తే సోమవారం అన్నాడు. నా కొడుకు నందు దాణా లోడు కోసం జహీరాబాద్ పోయాడు. కాబట్టి స్కూటర్ నేనే తీశాను.

పురానాపూల్ దాటి, బేగంబజార్ ఇరుకులోంచి బయటపడి కోఠికి చేరేసరికి పదకొండు దాటింది. కంప్యూటర్ సామాన్ల గల్లీలో మొదటి మూడు దుకాణాల్లో పని కాలేదు. పెన్ డ్రైవ్ పెట్టే సందులో గుచ్చుకునే హెడ్‌ఫోన్స్ కావాలన్నాను, లేవన్నారు. నాలుగో దుకాణంలో గడ్డం ఉన్న సన్నటి మనిషి నా మాట పూర్తిగా విని, అల్మారాలోంచి నల్లటి హెడ్‌ఫోన్స్, గోరంత ప్లాస్టిక్ ముక్క తీసి గాజుబల్ల మీద పెట్టాడు.

"వైర్‌లెస్ లేలో సేఠ్. సురాఖ్ కీ జరూరత్‌ఇచ్ నై," అన్నాడు.

రంధ్రంతో పనే లేదట. ముక్కను పెన్ డ్రైవ్ సందులో పెడితే అది గాలిలోనే మాటను హెడ్‌ఫోన్స్‌కు పంపిస్తుంది. బ్లూటూత్. తన సెల్‌ఫోన్‌లో ఖవ్వాలీ పెట్టి నా చెవులకు తగిలించాడు. తీగ లేకుండా పాట వినిపిస్తుంటే నా లెక్క చకచకా సాగింది. తీగ లేదు, దుడ్డె నమిలేది లేదు, రంధ్రం బాగుచేయించే ఖర్చు లేదు. ఒక దెబ్బకు మూడు తీరాయి.

డబ్బాలో ఉన్నది ఒకటి, డబ్బా లేకుండా అందరికీ వినిపించేందుకు పెట్టుకున్నది ఒకటి. రెండూ ఒకే సరుకు. డబ్బా లేనిది తక్కువకు ఇస్తానన్నాడు. డబ్బాను నేనేమన్నా తింటానా అనుకుని అదే తీసుకున్నాను. ఎట్లా తగిలించాలో రాసిన చిన్న పుస్తకం డబ్బాలోనే ఉంటుందని నాకప్పుడు తట్టలేదు. ఆయన కార్డు మాత్రం జేబులో వేసుకున్నాను. సరుకు కొన్నచోట ఫోను నెంబరు తీసుకోకుండా నేను ఇంతవరకు రాలేదు.

ఇల్లు చేరేసరికి పన్నెండూ నలభై. నీహారిక తిండి తినలేదు. చేతిలోంచి అందుకుని ప్లాస్టిక్ ముక్కను కంప్యూటర్‌కు పెట్టింది. కింద మూలన నీలం గుర్తు వచ్చింది. హెడ్‌ఫోన్స్ గుండీని పట్టుకుని నొక్కగా నొక్కగా ఎరుపూ నీలం దీపాలు ఒకదాని వెంట ఒకటి కొట్టుకున్నాయి. కంప్యూటర్ దాని పేరు కనిపెట్టింది. కనిపెట్టి, పాస్ కీ ఏమిటని అడిగింది.

"ఏదో అంకె కావాలంటోంది. షాపతను చెప్పాడా?" అంది.

చెప్పలేదు. కార్డు తీసి ఫోను చేశాను. అవతల గోలగా ఉంది. జుమ్మా నమాజుకు పోతున్నానని, షట్టర్ దించుతున్నానని అన్నాడు. అంకె అడిగాను. ఒక్క ముక్కలో చెప్పి పెట్టేశాడు.

"నలభై," అన్నాను నీహారికతో.

ఆమె నలభై కొట్టింది. కాసేపు గిర్రున తిరిగి, జత కుదరలేదని వచ్చింది. మళ్లీ గుండీ పట్టుకుని, దీపాలు కొట్టుకునేదాకా ఆగి, మళ్లీ నలభై. కుదరలేదు. ముందు సున్నా పెట్టి చూసింది. రెండు సున్నాలు పెట్టి చూసింది. ప్రతిసారీ మొదటి నుంచి రావాల్సిందే. ఒక్కో విడతకు మూడు నాలుగు నిమిషాలు. నేను ఫోను చేస్తూనే ఉన్నాను. నమాజులో ఉన్న మనిషి ఫోను ఎందుకు ఎత్తుతాడు. నమాజు తర్వాత భోజనం, భోజనం తర్వాత దుకాణం, మూడింటి దాకా ఆశ లేదు.

ఒకటిన్నర అయింది. మిగిలినవి పదకొండు నిమిషాల మాటలు. నిమిషం మాటలు టైపు చేయడానికి ఆమెకు ఆరు నిమిషాలు పడుతుందని పొద్దున చెప్పింది. పదకొండు ఆరులు అరవై ఆరు. చూసి దిద్దుకోవడానికి ఇంకో పది. అంటే రెండూ నలభై లోపు మొదలుపెట్టకపోతే పరీక్ష పోయినట్టే. నేను గదిలోంచి దుకాణంలోకి, దుకాణంలోంచి గదిలోకి తిరిగాను. తవుడు అడగడానికి వచ్చినవాడికి పల్లిచెక్క తూచాను.

యశోద తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని ఇద్దరినీ చూసింది. "నువ్వు గట్ల తిరుగుతుంటె పిల్లకు తల తిరుగుతది. ఒక్కతాన కూసో," అంది.

కూర్చున్నాను. కూర్చుంటే ఇంకా కష్టంగా ఉంది. దీపాలు కొట్టుకోవడం, ఆగిపోవడం, నీహారిక వేలు మళ్లీ ఆ గుండీ మీదికి పోవడం, అదే చూస్తూ కూర్చోవాలి. ఆమె వేలి కొన మీద గుండీ అచ్చు పడింది. ఏడవడం లేదు. ఏడ్చినా నేను ఏదో ఒకటి అనేవాణ్ని. రెండూ పదికి ఆమె హెడ్‌ఫోన్స్‌ను బల్ల మీద పెట్టి, కంపెనీ వాళ్లకు ఫోను చేసి నా వల్ల కాలేదని చెప్పేస్తానంది. వాళ్ల నాన్నకు కూడా ఆమే చెబుతుందట, ఎవరో చెప్పేదానికన్నా అదే నయమట.

నా లోపల లెక్క అంతా ఆ మాటతో కిందామీదా అయింది. పరబ్రహ్మంగారి ముందు పోయేది నా పరువు అనుకుంటూ వచ్చాను పొద్దుటి నుంచీ. పోతున్నది ఆమె ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలను కిటికీ కింద కట్టేసింది నేను.

"బిడ్డా, దుడ్డెను ఆడ కట్టేసింది నేనే," అన్నాను. "పలుపు తెగలే. మీ అత్తకు అబద్ధం చెప్పిన."

యశోద నావైపు తిరిగింది. నీహారిక కంప్యూటర్ వైపే చూస్తూ ఉంది.

"ఇప్పుడెందుకు చెబుతున్నారు మామయ్యగారూ?"

"ఇంకేం చెప్పాల్నో తోస్తలేదు."

ఆమె కుర్చీ ఇటు తిప్పుకుంది. కోపంగా ఉందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. "అయితే ఇంకొకటి చెప్పండి. ఆ షాపతను ఏమన్నాడు? మీ లెక్క వద్దు. అతను అన్న మాట అన్నట్టుగా చెప్పండి."

"చార్ జీరో డాలో, బస్ అన్నడు."

"మరి నలభై అని ఎవరన్నారు?"

"చార్ జీరో అంటె నలభయ్యే గద బిడ్డా."

ఇది బయటివాళ్లకు చెబితే నవ్వుతారు, కాబట్టి వివరం చెప్పాలి. నేను ముప్పై ఏళ్లుగా ఉస్మాన్‌గంజ్‌లో దాణా కొంటున్నాను. అక్కడ ధరలు పూర్తి మాటల్లో చెప్పరు. బస్తాలు దించే గోలలో డేఢ్ సౌ, ఢాయీ సౌ ఒకటే తీరుగా వినిపిస్తాయి. ఒకడు నూటయాభైకి ఒప్పుకుంటే ఇంకొకడు రెండొందల యాభై రాస్తాడు, కొట్లాట. అందుకని అంకెలు విడగొట్టి చెబుతారు. ఏక్ పాంచ్ జీరో అంటే నూటయాభై. చార్ జీరో అంటే నలభై. నా చెవిలో పడేదాకే అవి విడి అంకెలు. నోట్లోంచి వచ్చేటప్పటికి మొత్తం అయిపోతుంది. దుకాణం మనిషి దాణా అమ్మేవాడు కాదని, నాలుగు సున్నాలు అని తన తీరులో చెప్పాడని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు.

నీహారిక అప్పటికే గుండీ పట్టుకుంది. దీపాలు కొట్టుకున్నాయి. సున్నా, సున్నా, సున్నా, సున్నా.

జత కుదిరిందని వచ్చింది.

"గంజ్‌ల భాష గంజ్‌లనే ఇడిసిపెట్టి రావాలె," అంది యశోద. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి పెరుగన్నం గిన్నె తెచ్చి కోడలి ముందు పెట్టింది.

అయితే ఇంకా మాట రాలేదు. ఫైలు నడుస్తున్నది, చెవుల్లో ఏమీ లేదు. కంప్యూటర్ మాటను ఇంకా ఆ విరిగిన రంధ్రానికే పంపిస్తున్నది. దానికి కొత్త దారి మనమే చూపించాలట. నీహారిక ఎక్కడెక్కడో తెరిచి, శబ్దం ఎటు పోవాలన్న చోట పాత పేరు తీసి హెడ్‌ఫోన్స్ పేరు పెట్టింది. ఒక్కసారి భుజాలు దింపి, కళ్లు మూసుకుంది. చెవుల్లో డాక్టరు మాట్లాడుతున్నాడని నాకు దాన్నిబట్టే తెలిసింది. గోడ మీద రెండూ ముప్పై మూడు.

నేను దుకాణం తలుపు ఒకటి మూసి, వరండాలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆమెకు బయటి శబ్దాలేవీ వినిపించవని తెలిసినా ఎవరు గట్టిగా మాట్లాడినా చెయ్యెత్తి ఆపాను. మూడింటికి పాలు పిండే వేళ. బర్రెలు అరవడం మొదలుపెట్టాయి. కాసేపు ఆగమని యశోదతో అంటే, ఆ సంగతి వాటితోనే చెప్పుకోమంది. వెళ్లి నాలుగు బర్రెల పాలు పిండి వచ్చాను. వచ్చి కిటికీలోంచి చూస్తే నీహారిక కీబోర్డు పక్క మీటలు ఒక చేత్తో నొక్కుతూ మాటను ఆపి, వెనక్కి తిప్పి, టైపు చేసి, మళ్లీ ముందుకు పోతున్నది. మూడూ ఇరవైకి ఎంతయిందని వేళ్లతో అడిగాను. ఆరు అయ్యాయని, అయిదు మిగిలాయని చూపించింది. లెక్క సరిపోతున్నది.

మూడూ ముప్పై ఎనిమిదికి ఆమె చటుక్కున తలెత్తింది. చెవుల్లో బీప్ అంటోందంది. నిమిషానికోసారి. బ్యాటరీ అయిపోతున్నది. దుకాణంలో అందరికీ పాటలు వినిపించి వినిపించి సగం అరగదీసిన సరుకు కదా అది. చార్జింగ్ తీగ పెడితే హెడ్‌ఫోన్స్ పనిచేయడం ఆపేస్తున్నాయి, పెట్టి చూసి వెంటనే పీకేసింది. ఇక మాట్లాడకుండా వేగం పెంచింది. కూర్చున్నవాణ్ని లేచాను, లేచి ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాను.

మూడూ నలభై ఏడుకు చెవుల్లో మాట ఆగిపోయింది. దీపం ఆరిపోయింది. పద్నాలుగో నిమిషంలో చివరి ఇరవై సెకన్లు మిగిలాయి.

ఆ చివరి మాటలు పొద్దున ఒకసారి విన్నానని, గుర్తున్నాయని నీహారిక అంది. రోగికి ఇంటికి పోయాక వేసుకోమని ఒక మాత్ర రాశాడు. మాత్ర పేరు గుర్తుంది, పూటకు ఎన్నో గుర్తుంది. ఎన్ని రోజులు అన్నది మాత్రం ఫిఫ్టీన్ అన్నాడో ఫిఫ్టీ అన్నాడో తెలియడం లేదు. అన్నీ టైపు చేసి, ఆ ఒక్క చోట గీత గీసి ఖాళీ ఉంచింది. పక్కన నిమిషం, సెకను వేసింది.

నేను గదిలోకి వెళ్లాను. "పదిహేను రాయి బిడ్డా," అన్నాను. "గోలీలు ఎవడన్న యాభై దినాలు ఇస్తడా? నూటికి తొంభై పదిహేనే."

"మిగతా పది?"

"గంతదాక ఎందుకు పోతవు. ఇది పరీక్ష కాయితం. ఖాళీ చూస్తె మార్కులు కోస్తరు."

"కోస్తారు," అంది. "నేను విననిది రాస్తే కోత పడేది నాకు కాదు, ఆ రోగికి."

ఇంకో పది నిమిషాలుంది. నాకు తెలిసిన వాదనలన్నీ చేశాను. సరుకు తూకంలో చిటికెడు అటూ ఇటూ అవుతుందని, చూసేవాడు మొత్తం చూస్తాడని, ఇంత కష్టపడి చివరి మెట్టు మీద జారొద్దని. ఆమె నా మాటలన్నీ విన్నది. వింటూనే మొదటి నుంచి పేజీలు దిద్దుకున్నది. మూడూ యాభై ఆరుకు ఆ ఖాళీతోనే పంపించింది. చేరిందని జవాబు వచ్చేదాకా ఇద్దరం తెరను చూస్తూ నిలబడ్డాం.

అయిదున్నరకు కంపెనీ నుంచి ఫోను. నీహారిక అవునండీ, సరేనండీ అంటూ నిలబడి మాట్లాడింది. నేను పాలు కొలుస్తూ తప్పు కొలిచాను, పాలకు వచ్చిన కాశమ్మ నవ్వి ఎక్కువ పడినవి తిరిగి పోసింది. ఫోను పెట్టేశాక నీహారిక వరండాలోకి వచ్చింది. తీసుకున్నారట. అయితే పూర్తి పనికి కాదు. నెల రోజులు ఒక్కో ఫైలు పైవాళ్లు సరిచూస్తారు, ఆ నెలంతా సగం పనే ఇస్తారు. ఖాళీ లేకుండా పంపినవాళ్లకు సోమవారం నుంచే పూర్తి పని.

"చెప్పిన గద," అన్నాను. ఆ ఒక్క అంకెకు పదిహేను రోజుల పని పోయిందని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"చెప్పారు మామయ్యగారూ," అంది. ముఖం వెలిగిపోతున్నది. వాళ్ల నాన్నకు ఫోను చేయడానికి లోపలికి పోయింది. మామయ్యగారు కోఠికి పోయి తెచ్చారు నాన్నా అనడం వరకు వినిపించింది, తర్వాతిది బర్రెల అరుపులో కలిసిపోయింది.

అంకె ఏదని కంపెనీ వాళ్లను అడిగావా అని రాత్రి భోజనాల దగ్గర అడిగాను. పరీక్ష ఫైళ్ల జవాబులు వాళ్లు బయటికి చెప్పరట. ఇది 2007 సంగతి. ఇప్పటికి రెండేళ్లు దాటింది. ఆమె ఇప్పుడు ఇంకో ముగ్గురు ఆడపిల్లల ఫైళ్లు సరిచూస్తున్నది. దుకాణంలో బేరం లేనప్పుడు నాకు ఆ అంకె మతికి వస్తుంది. పదిహేనే అయి ఉంటుందనుకుంటాను. అనుకుని, ఒకవేళ యాభై అయితే ఆ రోగి ఎవరో, ఏ ఊరివాడో, నా పదిహేను పట్టుకుని ముప్పై అయిదు రోజులు మందు లేకుండా ఉండేవాడేమో అని కూడా అనుకుంటాను. అప్పుడిక కూర్చోబుద్ధి కాదు, లేచి కొట్టంలోకి పోతాను.